మీ క్లబ్బు అసలు పేరుతో ఏ గేమ్‌లో ఉంది? కొనే ముందు చూసుకోవాల్సిన లైసెన్సుల లెక్క

"ఫుట్‌బాల్ గేమ్ కొనాలి, ఏది తీసుకోమంటావ్?" అని ఎవరడిగినా ముందు నేను అడిగేది ఒక్కటే: "నీ క్లబ్బు ఏది?" గ్రాఫిక్స్, కంట్రోల్స్, కామెంటరీ అన్నీ ఆ తర్వాతే.

మా పిన్ని కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇటలీ క్లబ్బు ఇంటర్ అంటే వాడికి ప్రాణం. దసరాకి చేతికొచ్చిన డబ్బులతో గేమ్ కొందామనుకుని, ముందు నా దగ్గర ఆడి చూస్తానని వచ్చాడు. ఈఏ కంపెనీ ఫుట్‌బాల్ గేమ్ ఎఫ్‌సీ 25 పెట్టి ఇటలీ లీగు తెరిచాను. జట్ల వరుసను పైకీ కిందికీ రెండుసార్లు తిప్పాడు. ఇంటర్ కనబడలేదు. "లొంబార్డియా ఎఫ్‌సీ" అని ఒకటుంది. దాన్ని నొక్కితే లౌతారో మార్టినెజ్ వచ్చాడు. మొహం అదే, పేరు అదే. ఒంటి మీద చొక్కా మాత్రం ఇంటర్‌ది కాదు, గుండె మీద గుర్తూ ఇంటర్‌ది కాదు. పక్కనే ఏసీ మిలాన్ కూడా "మిలానో ఎఫ్‌సీ" అయిపోయి ఉంది. "ఇదేంటన్నయ్యా, మనిషి ఆయనే, జట్టు వేరా?" అన్నాడు. కొనకముందే చూశాడు కాబట్టి సరిపోయింది. కొన్నాక చూసినవాళ్ల బాధ నాకు తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లైసెన్సు ఒక్కటి కాదు

మనలో చాలామంది లైసెన్సు అంటే ఒకే కాగితం అనుకుంటారు. ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే ఏమీ ఉండదు అనుకుంటారు. నిజానికి ఒక్క మ్యాచ్ తెర మీదికి రావాలంటే కనీసం నాలుగు రకాల ఒప్పందాలు కుదరాలి. ఆటగాడి పేరు, మొహం ఒకటి. లీగు పేరు, ట్రోఫీ, టీవీలో కనిపించే స్కోర్ బోర్డు తీరు రెండోది. క్లబ్బు పేరు, గుర్తు, జెర్సీ మూడోది. స్టేడియం నాలుగోది. ఇవి నలుగురు వేర్వేరు యజమానుల చేతుల్లో ఉంటాయి.

ఆటగాళ్ల హక్కుల్లో చాలా భాగం ఫిఫ్‌ప్రో అనే ఆటగాళ్ల సంఘాల సమాఖ్య ద్వారా వస్తుంది. అది ఒక్క కంపెనీకే రాసిచ్చేది కాదు కాబట్టి ఈఏ దగ్గరా ఉంది, దాని పోటీ కంపెనీ కొనామి దగ్గరా ఉంది. మా తమ్ముడి ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరుకుతుంది. మార్టినెజ్ మొహం ఆటగాళ్ల ఒప్పందంలో వచ్చింది. ఇంటర్ చొక్కా మాత్రం క్లబ్బు సొత్తు. 2024-25 సీజన్ నుంచి ఇంటర్, ఏసీ మిలాన్ రెండూ కొనామితో ప్రత్యేక ఒప్పందం చేసుకున్నాయి. దాంతో ఆ చొక్కా ఈఏ గేమ్‌లోంచి వెళ్లిపోయింది.

ఇంకా విచిత్రమైన సంగతి బార్సిలోనాది. ఈఏ గేమ్‌లో బార్సిలోనా జట్టు ఉంది, జెర్సీ ఉంది, అన్నీ అసలువే. ఎందుకంటే స్పెయిన్ లీగు ఈఏతో ఉంది. 2023-24 నుంచి ఆ లీగు పేరులోనే ఈఏ స్పోర్ట్స్ ఉంది. అయినా 2016లో వచ్చిన కొనామి గేమ్ పీఈఎస్ 2017 దగ్గర్నుంచి కాంప్ నౌ స్టేడియం కొనామి చేతికి వెళ్లింది. దాంతో ఈఏ గేమ్‌లో బార్సిలోనా సొంత మైదానం లేకుండానే సొంత మ్యాచ్‌లు ఆడుకుంటూ వచ్చింది. సొంతిల్లు ఉండీ అద్దెకున్నట్టు.

యువెంటస్ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 జులైలో ఆ క్లబ్బు కొనామితో కుదుర్చుకుంది. ఈఏ గేమ్ పేరు అప్పట్లో ఫిఫా. ఫిఫా 20లో ఆ క్లబ్బు "పియెమోంటే కాల్చియో" అయింది. క్రిస్టియానో రొనాల్డో అప్పుడు యువెంటస్ ఆటగాడు. అంతకుముందు ఏడాది ఫిఫా 19 అట్ట మీద ఉన్నది ఆయనే. ఏడాది తిరిగేసరికి అదే మనిషి ఊరూపేరూ లేని తెలుపు నలుపు చొక్కాలో ఆడాడు. మూడు గేములు అలాగే గడిచాయి. ఫిఫా 23లో యువెంటస్ తిరిగొచ్చింది. ఈ ఒప్పందాలకు గడువుంటుంది. ఈ ఏడాది ఉన్నది వచ్చే ఏడాది ఉంటుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

ఫిఫా పేరు గురించీ ఒక మాట. ఫిఫా అంటే ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య, ఈఏ తన గేమ్‌కి దాని పేరే వాడుకునేది. 2022 మే నెలలో ఈఏ, ఫిఫా విడిపోతున్నట్టు ప్రకటించాయి. "ఇక క్లబ్బులన్నీ పోతాయి" అని నా చుట్టూ ఉన్నవాళ్లు తెగ టెన్షన్ పడ్డారు. ఏమీ పోలేదు. ఎందుకంటే ఫిఫా ఇచ్చింది తన పేరు, ప్రపంచ కప్పు మాత్రమే. ప్రీమియర్ లీగు ఇంగ్లండ్‌ది, బుండెస్‌లీగా జర్మనీది, ఛాంపియన్స్ లీగ్ యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏది. వాటన్నిటితో ఈఏ విడివిడిగా ఒప్పందాలు చేసుకుంది. అలాంటి భాగస్వాములు తనకు 300కి పైగా ఉన్నారని ఆ కంపెనీయే చెప్పింది. 2023 సెప్టెంబరులో ఎఫ్‌సీ 24 వచ్చినప్పుడు మారినదల్లా అట్ట మీది పేరే.

ఒక్కరికే రాసిస్తే మనకేమవుతుంది

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక లీగును ఒక్క కంపెనీకే రాసివ్వడం ఆడేవాళ్లకు నష్టం. దీనికి నేను చూపించే సాక్ష్యం అమెరికాది. వాళ్లు ఫుట్‌బాల్ అని పిలిచేది వేరే ఆట అయినా, లైసెన్సు సంగతి అచ్చం ఇదే.

2004లో అమెరికా ఎన్ఎఫ్ఎల్ లీగు మీద రెండు పెద్ద గేములు పోటీ పడ్డాయి. ఈఏ వాళ్ల మ్యాడెన్ ధర దాదాపు 50 డాలర్లు. పోటీగా వచ్చిన ఈఎస్‌పీఎన్ ఎన్ఎఫ్ఎల్ 2కే5 ధర 19.99 డాలర్లు. అదేమీ చౌకబారు గేమ్ కాదు, ఇప్పటికీ దాన్ని తలచుకునేవాళ్లున్నారు. దెబ్బకి మ్యాడెన్ ధర కూడా 30 డాలర్లకు దిగింది. అదే ఏడాది డిసెంబరులో ఎన్ఎఫ్ఎల్ తన హక్కులన్నీ ఈఏ ఒక్కదానికే ఇచ్చేసింది. పోటీ గేమ్ ఆగిపోయింది. మ్యాడెన్ ధర మళ్లీ పాత చోటికి చేరింది. కొన్నవాళ్లు కోర్టుకెళ్లారు. 2012లో ఈఏ తప్పు ఒప్పుకోకుండానే 2.7 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఆదివారం ఎన్ఎఫ్ఎల్ చూసే మనవాళ్లకు, అసలు జట్లతో పూర్తిస్థాయి మ్యాచ్ ఆడాలంటే ఇప్పటికీ మ్యాడెన్ తప్ప దారి లేదు.

మన ఫుట్‌బాల్‌లో పరిస్థితి అంత దూరం పోలేదు. హక్కులు ముక్కలు ముక్కలుగా ఉండటమే మన అదృష్టం. చిరాకు పెట్టినా సరే, రెండో కంపెనీ బతికి ఉంది.

హక్కులకి ఇంత డబ్బు ఎందుకు పోస్తారంటే, అసలు ఆదాయం డిస్కు అమ్మకంలో లేదు. ఈఏ గేమ్‌లో అల్టిమేట్ టీమ్ అనే విభాగంలో ఆటగాళ్ల కార్డుల ప్యాకులు అమ్ముతారు. 2021 మార్చితో ముగిసిన ఏడాదిలో ఆ ఒక్క పద్దు కింద ఈఏకి వచ్చింది 162 కోట్ల డాలర్లు. అసలు పేరు, అసలు మొహం లేని కార్డుని ఎవరు కొంటారు? ఇంట్లో చిన్నపిల్లలు ఆడేటట్టయితే కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టి గేమ్ చేతికివ్వండి. బెల్జియంలో అధికారులు ఈ ప్యాకులను జూదం కింద లెక్కగట్టాక, 2019లో అక్కడ ఆ ప్యాకులు కొనే పాయింట్ల అమ్మకమే ఆపేశారు.

ఇప్పుడు ఎంపిక

*ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ.* ఇంగ్లండ్, స్పెయిన్, జర్మనీ క్లబ్బుల అభిమానులు పెద్దగా ఆలోచించనక్కర్లేదు. ఆర్సెనల్ అయినా, రియల్ మాడ్రిడ్ అయినా, డార్ట్‌మండ్ అయినా అసలు పేరు, అసలు జెర్సీ, టీవీలో చూసినట్టే స్కోర్ బోర్డు ఇక్కడ ఉంటాయి. ఛాంపియన్స్ లీగ్ పాట కూడా ఇక్కడే. పదేళ్లు కొనామి దగ్గర ఉన్న ఆ హక్కు ఫిఫా 19తో ఈఏకి వచ్చింది. మహిళల లీగులు కూడా ఉన్నాయి. క్లబ్బును ఏళ్ల తరబడి నడిపించే కెరీర్ మోడ్ ఒంటరిగా ఆడేవాళ్లకు మంచి కాలక్షేపం. ఇటలీ అభిమానులు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. పైన చెప్పిన మిలాన్ జట్లతో పాటు లాజియో "లాటియం"గా, అటలాంటా "బెర్గామో కాల్చియో"గా ఎఫ్‌సీ 25లో ఉన్నాయి. కన్సోల్‌లో వీటిని సరిచేసుకునే వీలు లేదు. పీసీలో అభిమానులు తయారుచేసే, గేమ్‌ను మార్చే ఫైళ్లు (మోడ్‌లు) దొరుకుతాయి. వాటితో పేర్లు, జెర్సీలు మార్చుకోవచ్చు. కానీ ఆ ఫైళ్లు పెట్టి ఆన్‌లైన్ మ్యాచ్‌ల జోలికి వెళ్లొద్దు, అకౌంట్ పోతుంది.

బ్రెజిల్ క్లబ్బులు ఇష్టమైతే ఈఏ మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ ఆటగాళ్ల హక్కులు ఒక సంఘం చేతిలో మూకుమ్మడిగా లేవు, ఎవరిది వారితోనే మాట్లాడుకోవాలి. అందుకే ఫిఫా 15 నుంచి ఆ లీగు తీసేశారు. తర్వాత దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ లిబెర్టడోరెస్ కప్పుతో కొన్ని క్లబ్బులు వచ్చినా, వాటిలో ఆడేవాళ్లు కల్పిత పేర్లవాళ్లు. బ్రెజిల్ విషయంలో అప్పట్నుంచీ కొనామిదే పైచేయి.

ధర విషయంలో నా సలహా: విడుదలైన రోజు కొనకండి. ప్రతి సెప్టెంబరులో కొత్తది వస్తుంది, నాలుగైదు నెలలు తిరిగేసరికి సగానికి సగం తగ్గుతుంది. ఆ తర్వాత ఈఏ ప్లే చందాలోకీ చేరుతుంది. ఒంటరిగా కెరీర్ మోడ్ ఆడేవాడికి అప్పుడే కొనడం లాభం.

*ఈఫుట్‌బాల్.* కొనామి పాత పీఈఎస్‌ని ఆపి 2021 సెప్టెంబరు 30న దీన్ని ఉచితంగా వదిలింది. మొదటి రోజుల్లో ఆటగాళ్ల మొహాలు చూసి ప్రపంచమంతా నవ్వింది. కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడది చాలా మారింది. ఫోన్లో నడుస్తుంది, పైసా కట్టకుండా ఆడొచ్చు. బంతి బరువు, పాస్ ఇచ్చేటప్పుడు ఉండే ఆలోచన నాకు ఇందులోనే ఎక్కువ నచ్చుతాయి. ఇంటర్, మిలాన్ అసలు జెర్సీలు కావాలన్నా దారి ఇదే. ఈఏతో విడిపోయిన ఫిఫా 2024లో తన ఈస్పోర్ట్స్ ప్రపంచ కప్పు పోటీల్లో ఒకదాన్ని ఈ గేమ్ మీద నడిపింది.

లోటు ఎక్కడంటే, ఇంగ్లండ్ లీగులో. ఆ లీగు ఈఏది. కొనామి ఒక్కో క్లబ్బుతో విడిగా మాట్లాడుకుని మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్ లాంటివాటిని తెచ్చుకుంది గానీ, మిగతావి మారుపేర్లే. పీఈఎస్ 2020లో లివర్‌పూల్ "లివర్‌పూల్ ఆర్", చెల్సీ "చెల్సీ బి". పైగా పాత పీఈఎస్‌కి ప్రాణంలాంటి మాస్టర్ లీగ్ (ఈఏ కెరీర్ మోడ్ లాంటిదే) లేకుండానే ఈ గేమ్ మొదలైంది. ఇది ప్రధానంగా ఆన్‌లైన్‌లో కార్డుల జట్టు కట్టుకుని ఆడే గేమ్. హాస్టల్ గదిలో నలుగురు ఫోన్లతో కూర్చుని పోటీలు పెట్టుకునేవాళ్లకు ఇది చాలు. క్లబ్బును ఇరవై సీజన్లు నడిపించాలనుకునేవాళ్లకు చాలదు.

అసలు ఈ మారుపేర్లతో మా తరానికి చాలా అనుబంధం ఉంది. పీఎస్2 రోజుల్లో పీఈఎస్‌లో లివర్‌పూల్ పేరు "మెర్సీసైడ్ రెడ్". ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి, తెర మీద అక్షరాల పట్టికలో బాణాలు నొక్కుకుంటూ ఎల్ దగ్గరికి, ఐ దగ్గరికి, వీ దగ్గరికి ఒక్కో అక్షరం జరుపుతూ పేరు మార్చేవాళ్లం. చొక్కా ఎరుపు సరిగ్గా రావడానికి మూడు రంగుల గీతలు ముందుకీ వెనక్కీ తోసి చూసేవాళ్లం. ఒక్క జట్టు పూర్తయ్యేసరికి గంట పట్టేది. మెమరీ కార్డులో సేవ్ అయ్యేదాకా కరెంటు పోకూడదని దండం పెట్టుకునేవాళ్లం. మాస్టర్ లీగ్‌లో మొదట చేతికొచ్చేది కాస్టోలో, మినాండా, ఇవరోవ్ లాంటి కల్పిత ఆటగాళ్లు. లోకంలో లేని ఆ కాస్టోలో కొట్టిన గోల్స్ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే లైసెన్సు లేని గేమ్ పనికిరాదని మాత్రం నేను అనను. ఆట బాగుండి, మార్చుకునే వీలుంటే పేర్లు మనమే పెట్టుకుంటాం. ఆ వీలు తీసేయడమే నాకు కష్టంగా ఉంటుంది. పీసీలోనో పీఎస్4లోనో పాత పీఈఎస్ 2021 ఇప్పటికే మీ దగ్గరుంటే దాచుకోండి. అభిమానులు చేసిన ఆప్షన్ ఫైల్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కిస్తే ఇంగ్లండ్ జట్లన్నీ అసలు పేర్లతో దిగుతాయి. ఎక్స్‌బాక్స్‌లో ఈ సౌకర్యం లేదు.

*ఫుట్‌బాల్ మేనేజర్.* బంతిని మీరు తన్నరు, కోచ్‌గా జట్టును నడుపుతారు. పాత కంప్యూటరున్నా నెట్టుకురావచ్చు. ఇక్కడా లైసెన్సు కథలున్నాయి. జర్మనీ లీగు లైసెన్సు ఎఫ్ఎం (ఫుట్‌బాల్ మేనేజర్) 19లోనే తొలిసారి వచ్చింది. ఎఫ్ఎం 20 నుంచి యువెంటస్ "జెబ్రే" అయింది. మాంచెస్టర్ యునైటెడ్ తన పేరు వాడుతున్నారని 2020లో దావా వేసింది. రాజీ తర్వాత గేమ్‌లో ఆ క్లబ్బు "మ్యాన్ యూఎఫ్‌సీ" అయింది. 2025 నవంబరులో వచ్చిన ఎఫ్ఎం 26లో తొలిసారి ప్రీమియర్ లీగు అధికారిక లైసెన్సు, దాంతో పాటు మహిళల ఫుట్‌బాల్ వచ్చాయి. మిగతా చోట్ల పేర్లు సరిచేసే చిన్న ఫైళ్లు దొరుకుతాయి, ఎక్కించడం ఐదు నిమిషాల పని. ఇంట్లో నెట్‌ఫ్లిక్స్ చందా ఉంటే దీని మొబైల్ రూపం అందులోనే ఉంది, విడిగా కట్టక్కర్లేదు. మన భారత లీగులు ఆడే వీలు కూడా ఈ గేమ్‌లో చాలా ఏళ్లుగా ఉంది. చదివే ఓపిక ఉన్నవాళ్లకి నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే.

*యూఎఫ్ఎల్* అని ఇంకోటుంది. 2024 డిసెంబరులో వచ్చింది, ఉచితం, రొనాల్డో పెట్టుబడి పెట్టాడు. ఆటగాళ్లు అసలు పేర్లతోనే ఉంటారు, క్లబ్బు మాత్రం మీరే కట్టుకోవాలి. క్లబ్బు అభిమానం కోసం గేమ్ వెతుక్కునేవాళ్లకు దీనితో పని లేదు.

పాత డిస్కులు, హైదరాబాద్ పసుపు జెర్సీ

లైసెన్సు గడువు తీరితే గేమే అంగడిలోంచి మాయమవుతుంది. 2023 సెప్టెంబరులో ఫిఫా 14 నుంచి 23 దాకా అన్నీ డిజిటల్ స్టోర్లలోంచి తీసేశారు. ఇప్పుడు అవి కావాలంటే డిస్కు దొరకాల్సిందే. అందుకే కన్సోల్ కొనేటప్పుడు, ధర కాస్త ఎక్కువైనా, డిస్కు పట్టేదే కొనమంటాను.

ఇది హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానులకు మరీ ముఖ్యం. ఇండియన్ సూపర్ లీగు మొదటిసారి ఫిఫా 22లోకి వచ్చింది. ఆ సీజన్‌లోనే, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి హైదరాబాద్ కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ ఏడాది 18 గోల్స్ కొట్టిన ఓగ్బెచే, ఆ పసుపు జెర్సీ, ఆ జట్టు గేమ్‌లో ఉన్నాయి. తర్వాత క్లబ్బు కష్టాల్లో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఇకమీదట వచ్చే గేముల్లో ఆ పేరు ఉంటుందన్న ఆశ పెట్టుకోవద్దు.

సెకండ్‌హ్యాండ్ షాపులో ఫిఫా 22 డిస్కు కనిపిస్తే చౌకగానే వస్తుంది. అట్ట మీద పీఎస్4దా పీఎస్5దా చూసుకోండి, డిస్కు వెనక గీతలు వెలుతురులో పెట్టి చూడండి. "లెగసీ ఎడిషన్" అని ఉంటే అది నింటెండో స్విచ్‌ది, తీసుకోవద్దు, పాత ఆటకే జట్లు మార్చి పెట్టారు. పాత గేములకు సర్వర్లు మూసేస్తూ పోతారు కాబట్టి ఆన్‌లైన్ ఆశ పెట్టుకోకుండా కొనండి. వీలైతే షాపులోనే పెట్టించి, జట్ల వరుసలో భారత లీగు తెరిచి, హైదరాబాద్ పేరు కళ్లారా చూశాకే డబ్బులివ్వండి.